రెండో సీడీ ఇవ్వని భాయ్

నాకు ఏడిపించే సినిమాలంటే ప్రాణం. హాల్లోంచి బయటికి వచ్చేటప్పటికి కొంగు తడవకపోతే టికెట్టు దండగ అనుకునే రకం నేను. నవ్వించే సినిమాలంటే, వాటిని చూసి కిందా మీదా పడి నవ్వేవాళ్ళంటే నాకు కొంచెం చిన్నచూపు కూడా ఉండేది. అలాంటిదాన్ని, ఐదు నెలల పాటు వారం వారం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఎవరూ చావని, ఎవరికీ ఏమీ కాని సినిమాలు ఏరి ఏరి మోసుకొచ్చాను. మా అక్క మంచం మీద ఉంది మరి.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడు అది. అక్కను పులివెందుల దగ్గర ఒక పల్లెకు ఇచ్చాం. బావ వాళ్ళు మాలాగే గొర్రెలు మేపుకునేవాళ్ళు, ఆ మధ్యనే కాస్త చీనీ, అదే బత్తాయి తోట కూడా పెట్టుకున్నారు. పెళ్ళయిన ఆరేళ్ళలో అక్కకు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ ఐదో నెలలో పోయింది. మూడోసారి ప్రొద్దుటూరు డాక్టరమ్మ గర్భసంచికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగవద్దని గట్టిగా చెప్పింది. పులివెందుల నుంచి ఆస్పత్రి దూరమని అమ్మ పోయి అక్కను జమ్మలమడుగులో మా ఇంటికి తీసుకొచ్చేసింది. నేను అప్పటికి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పొద్దున బస్సులో పోయి సాయంత్రం వచ్చేదాన్ని.

అక్క వచ్చిన వారంలోనే అమ్మ ఇంట్లో కేబులు పీకించింది.

కడుపుతో ఉన్న మనిషి చెడు చూడకూడదు, చెడు వినకూడదు. మా అమ్మకు అది చట్టం. "ఈనే గొర్రెను మందతో కలిపి తోలతామా? పక్కన కట్టేసి చూసుకోమా? ఇదీ అంతే," అనేది. ఎవరైనా పోయారని కబురు చెప్పడానికి వస్తే వీధిలోనే నిలబెట్టి, విని, అక్కడి నుంచి అక్కడికే పంపేసేది. టీవీ మాత్రం ఆమె మాట వినలేదు. ఏ సీరియల్ పెట్టినా కడుపుతో ఉన్న కోడలు మెట్ల మీద నుంచి జారిపడకుండా ఉండేది కాదు. అమ్మ రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు కేబులతన్ని పిలిచి వైరు చుట్టచుట్టి తీసుకుపొమ్మంది. టీవీలో తర్వాత ఏమొస్తుందో ఎవరికీ తెలియదు, సీడీ అయితే ముందే కనుక్కుని తెచ్చుకోవచ్చని ఆమె లెక్క. అలా అటక మీద ఉన్న పాత సీడీ ప్లేయరు కిందికి దిగింది. అది ఎంత పాతదంటే డీవీడీ పెడితే గుర్తు పట్టేది కాదు. సినిమా మొత్తం రెండు సీడీల్లో వచ్చే పాత పద్ధతే దానికి తెలుసు.

ఇంక సినిమాలు తెచ్చే పని నా నెత్తిన పడింది.

ప్రొద్దుటూరు బస్టాండు వెనక సందులో ఒక సీడీల అంగడి ఉండేది. అప్పటికే అలాంటివి ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. జనం సినిమాలు ఫోన్లలోకి ఎక్కించుకుంటున్నారు. ఆ అంగడాయన మాత్రం పాత పద్ధతి వదల్లేదు. యాభై దాటిన మనిషి, ఊరంతా భాయ్ అనే పిలిచేది. కొత్త సీడీలు వచ్చిన రోజు సగం షట్టరు దించేసి, స్టూలు మీద కూర్చుని, వచ్చినవన్నీ వరసగా పెట్టుకుని చూసేవాడు. తాను చూడకుండా ఏదీ అద్దెకు ఇచ్చేవాడు కాదు, అమ్మేవాడూ కాదు.

మొదటిసారి పోయి, "కొత్తవి ఏం వచ్చినాయి భాయ్?" అని అడిగాను.

"ఇంట్లో చూసేదెవరు మేడం?" అన్నాడు.

"ఎవరైతే ఏంది? సినిమా అడిగితే సినిమా ఇయ్యి."

"అట్ల కాదు మేడం. మైదుకూరు నుంచి ఒక ఆయప్ప వస్తాడు, గుండెకు ఆపరేషన్ అయింది. కొట్లాటలు చూస్తే ఆయాసపడతాడు. ఖాజీపేట అవ్వ ఒకామె, ఎండిపోయిన చేను చూపిచ్చే సినిమా నాకొద్దు, అది ఇంటికాడ రోజూ చూస్తాండా అంటాది. ఎవరు చూస్తారో తెలీకుండా నేనెట్ల ఇచ్చేది?"

నాకు ఒళ్ళు మండింది. అయినా బస్సుకు టైమవుతోందని అక్క సంగతి చెప్పాను. నిలవని రెండు కడుపుల సంగతి కూడా ఎందుకో నోట్లోంచి వచ్చేసింది. ఆయన అంతా విన్నాడు. లేచి అరల దగ్గర నిలబడి ఒకటి తీశాడు, పెట్టేశాడు, ఇంకొకటి తీశాడు, అదీ పెట్టేశాడు.

"శానా తక్కువ ఉండాయి మేడం," అన్నాడు చివరికి. "మన సినిమాల్లో ఎవరో ఒకరు పోకుండా కథ ముందుకు నడవదు."

అయినా ఒకటి వెతికి ఇచ్చాడు. తోడికోడళ్ళిద్దరు ఒక కుక్కపిల్ల కోసం కొట్టుకునే సినిమా. నాకు పది నిమిషాల్లో తలనొప్పి వచ్చింది. అక్క మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వితే కుట్టు ఏమవుతుందోనని అమ్మ ఇంకో పక్క నుంచి అరిచింది.

మూడో వారమో నాలుగో వారమో, ఇంటికి తెచ్చిన డబ్బా తెరిస్తే అందులో ఒక్క సీడీనే ఉంది. మంచి కథ, పాటలు బాగున్నాయి, సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర ఆగిపోయింది. అక్క నా మీద విరుచుకుపడింది.

"సగం సినిమా తెచ్చినావేందే? నీకు సగం సంగటి ముద్ద పెడితే ఊరుకుంటావా?"

మర్నాడు బడి వదలగానే కోపంగా భాయ్ దగ్గరికి పోయాను. ఆయన నింపాదిగా చెప్పాడు.

"మొదటి సీడీ బంగారు మేడం. రెండో దాంట్లో నాయిన పోతాడు. మీ అక్కకు కాన్పు అయినాక రాండి, ఇస్తా. యాడికీ పోదు." గల్లాపెట్టె కింద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి చూపించాడు. రెండో సీడీ అందులో ఉంది.

"పోనీ నాకియ్యి భాయ్, బడిలో కంప్యూటర్లో చూసుకుంటా."

"వద్దు మేడం. మీరు చూసినారంటే మీ మొగంలో తెలిసిపోతాది. మీ అక్క పట్టుకుంటాది."

అది నిజమేనని నాకూ తెలుసు. నా మొహంలో ఏదీ దాగదు.

అప్పటి నుంచి కొన్ని వారాలు పూర్తి సినిమా, కొన్ని వారాలు సగం సినిమా వచ్చేది. అక్క మొదట్లో విసుక్కుంది. తర్వాత తనకు తానే మిగతా సగం అల్లడం మొదలుపెట్టింది. పడుకునే, దూలాల వైపు చూస్తూ చెప్పేది. మా అక్క పదో తరగతి తప్పింది, పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషి కాదు. అయినా నోరు తెరిస్తే కథ కళ్ళకు కట్టేది. ఆమె కథల్లో విలన్ కూడా చివరికి ఏదో ఒక పని దొరికి బాగుపడేవాడు. అమ్మ మధ్యలో దూరి అందరికీ పెళ్ళిళ్ళు చేసేది. ఆదివారం ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకుని బావ వస్తే, ఆయన్ను కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. ఆయన గొర్రెల మనిషి, మాట తక్కువ. "బాగుండాది," అని మాత్రం అనేవాడు. ఆ ఒక్క మాట కోసం అక్క వారమంతా కథకు మెరుగులు దిద్దేది.

ఏడో నెల వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ మర్చిపోలేను.

శనివారం ఒంటిపూట బడి. అంగడికి పోతే భాయ్ లేడు, వేంపల్లెలో చుట్టాల పెళ్ళికి పోయాడు. ఆయన భార్య కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఒక కవరు తీసి పెట్టింది.

"మా ఆయన మీకని తీసిపెట్టి పోయినాడు మేడం."

చూశాను. అట్ట మీద పెళ్ళికొడుకు తలపాగా కట్టుకుని గాడిద మీద కూర్చుని ఉన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంకో పక్క, పైన తాడుకు కొత్తది ఒకటి వేలాడుతోంది. పసుపుపచ్చ అట్ట, ఇంటిల్లిపాదీ నవ్వుతున్నారు, తాత పసిబిడ్డను గాల్లోకి ఎగరేస్తున్నాడు. మా బడి స్టాఫ్‌రూములో వారం రోజులుగా ఆ సినిమా మాటే. కథ మాత్రం ఎవరూ చెప్పలేదు, చూడాల్సిందే అన్నారు. మూడు నెలలుగా కుక్కపిల్లల కథలు, పెళ్ళిచూపుల కథలు చూసి చూసి నేను విసిగిపోయి ఉన్నాను.

"ఇది వద్దు, అది ఇయ్యండి," అన్నాను.

ఆమె సందేహించింది. "ఆయన వచ్చినాక ఒకమాట..."

"నాకు తెలీదా ఏంది? అట్ట మీద అందరూ నవ్వుతాండారు కద," అన్నాను.

సోషల్ టీచరును. పిల్లలకు పటం చూసి ఊరు చెప్పొద్దు, కింద రాసింది చదవండని రోజూ చెప్పేదాన్ని.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పెట్టాం. అమ్మ చాటలో వేరుశనగ బుడ్డలు పోసుకుని ఒలుస్తోంది. మొదటి సీడీ అంతా నవ్వులే. అక్క అంతగా నవ్వడం ఆ మధ్యలో నేను చూడలేదు. చూశారా నా ఎంపిక అన్నట్టు నేను అటూ ఇటూ చూశాను. రెండో సీడీ పెట్టిన కాసేపటికి తెర మీద బిడ్డకు జ్వరం వచ్చింది. ఆస్పత్రి తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. తెలుగు సినిమాలు చూసేవాళ్ళెవరికైనా ఆ లైటు వెలిగితే ఏమవుతుందో తెలుసు. నేను గభాలున లేచి స్విచ్చు దగ్గరికి పోయాను.

"ఆపొద్దు," అంది అక్క.

"అక్కా, ఇది..."

"కూచోమన్నానా."

ఆ గొంతుకు నేను కూర్చున్నాను. అమ్మ చేతిలో బుడ్డకాయ అట్లాగే ఉండిపోయింది. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. తల్లి బిడ్డను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. సినిమా అయిపోయింది. ముగ్గురం నీలం తెర చూస్తూ కూర్చున్నాం.

"ఆ బిడ్డకు పేరన్నా పెట్టినారు," అంది అక్క. "నా బిడ్డలకు అది కూడా లేదు."

మా ఇంట్లో ఆ ఇద్దరి గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. మాట్లాడితే మళ్ళీ అదే జరుగుతుందేమోనని భయం. అక్క మర్చిపోయి ఉంటుందని అనుకున్నామో, మర్చిపోతే బాగుండునని అనుకున్నామో తెలియదు. అమ్మ చాట పక్కకు నెట్టి, పోయి మంచం పట్టె మీద కూర్చుని, అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి అక్క చెయ్యి కడుపు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"అమ్మా, కదలడంలే."

"ఎప్పటి నుంచే?"

"తెలీదు. సినిమాలో పడి గమనిచ్చలే."

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తియ్యగా ఏమన్నా తాగించండి, గంట చూసి కదలకపోతే ఉన్నపళంగా తీసుకురండి అంది. అమ్మ బెల్లం నీళ్ళు కలిపి తాగించింది. నేను పోయి ఆటో అతనికి చెప్పి, ఇంటి ముందు నిలబెట్టి వచ్చాను. లోపలికి పోలేదు. వాకిట్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడిపించే సినిమాలంటే ఇష్టమని గొప్పలు పోయిన నాకు ఆ గంటలో కన్నీళ్ళు కూడా రాలేదు. నా సరదా కోసం నా అక్క బిడ్డను నేనే పోగొట్టానని మాత్రం అనిపించింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇంక అక్కను మంచంతో సహా ఆటో దాకా ఎట్లా మోయాలా అని లోపలికి పోతుంటే అక్క నవ్వు వినిపించింది. ఏడుపు కలిసిన నవ్వు.

"తన్నింది! మళ్ళా తన్నింది. గట్టిగా తంతాంది అమ్మా. సినిమా నచ్చలేదంట!"

నేను పోయి కడుపు మీద చెయ్యి పెట్టాను. నా అరచేతి కింద ఠపీమని ఒక తన్ను. నాకు రావాల్సిన చెంపదెబ్బ అదే అనుకున్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, ఎవరూ ఆపలేకపోయారు.

అక్క నా తల నిమిరి, "ఇంగ చాల్లే, ఇనండి," అంది. "ఆ సినిమా రెండో సగం అట్ల కాదు. నేను చెప్తా." ఆమె చెప్పిన కథలో ఎర్ర లైటు ఆరిపోయింది. డాక్టరు బయటికొచ్చి, బిడ్డకు ఆకలవుతాంది, పాలు పట్టండి అన్నాడు. తల్లి ఆ డాక్టరుతో, ఇంతసేపు ఎందుకు భయపెట్టినావని పెద్ద తగాదా పెట్టుకుంది. తాత బిడ్డకు గొర్రెపిల్లను తెచ్చి ఇచ్చాడు. ఆ బిడ్డ దాని చెవి పట్టుకుని నడక నేర్చుకుంది. అమ్మ ఈసారి ఎవరికీ పెళ్ళి చెయ్యలేదు, వింటూ కూర్చుంది.

సోమవారం పోయి భాయ్‌కి జరిగిందంతా చెప్పాను. తిడతాడని సిద్ధపడే పోయాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఇప్పుడు బిడ్డ బాగుండాదా?" అన్నాడు. బాగుందని చెప్పాను. "మీ అక్క?" బాగుందన్నాను. "బిడ్డ కదులుతాందా?" అని మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత, "తప్పు నాది మేడం. దాన్ని పైన యేలాడదీసి పోకుండా ఉండల్ల," అన్నాడు.

తప్పు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆయన దాన్ని తీసి తన మీద వేసుకున్నాడు. నేను ఆ రోజు కృతజ్ఞత చెప్పాలని కూడా తోచనంత సిగ్గుతో నిలబడ్డాను.

గాడిద మీద పెళ్ళికొడుకు సీడీ ఇంకా ఆ కవరులోనే ఉంది. ఈసారి చెయ్యి చాపి తీసుకున్నాను.

"ఇది అద్దెకు వద్దు, కొనుక్కోండి," అన్నాడు. "ఇది ఒకసారి చూసేది కాదు. కాన్పు దాకా పనికొస్తాది."

మేం మా ఇంటికి కొన్న సినిమా అదొక్కటే. అక్క దిగులు పడ్డప్పుడల్లా అది పెట్టేవాళ్ళం. ఎన్నిసార్లు చూశామో గుర్తు లేదు గానీ, గాడిద ఎక్కడ ఓండ్రపెడుతుందో నేను ఇప్పటికీ చెప్పగలను. మనిషి మనసుకు ఏ గాయం తగలకుండా రెండు గంటలు నవ్వించడం ఎంత కష్టమైన పనో నాకు ఆ సినిమా నేర్పింది. దాన్ని తీసినవాళ్ళకు కూడా ఒక దండం.

నెలలు నిండాక ప్రొద్దుటూరు ఆస్పత్రిలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నేను ఆస్పత్రి నుంచి తిన్నగా భాయ్ అంగడికే పోయాను. చెప్పగానే ఆయన రెండు చేతులూ ఎత్తి మొహానికి అద్దుకున్నాడు. గల్లాపెట్టె కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి, అట్లాగే నా చేతిలో పెట్టాడు. అందులో ఆ ఐదు నెలల రెండో సీడీలన్నీ ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి.

"ఇంగ చూడొచ్చు మేడం. ఇప్పుడేం భయంలేదు."

అక్క ఆ డబ్బా పులివెందులకు తీసుకుపోయింది గానీ, అందులో ఒక్కటి కూడా పెట్టి చూడలేదు. "నేను చెప్పిందాని కంటే బాగుంటాయా ఏంది?" అంటుంది.

భాయ్ అంగడి ఇప్పుడు ఫోన్ కవర్ల అంగడి. ఆ పక్కకు పోతే నేను ఏదో ఒక కవరు కొంటాను. నా ఫోన్ నాకంటే ఎక్కువసార్లు బట్టలు మార్చింది. పోయిన ప్రతిసారీ ఆయన, "పాప బాగుండాదా మేడం?" అని అడుగుతాడు. ఆ మాట కోసమే పోతానని ఆయనకూ తెలుసు.

పాపకు పదేళ్ళు నిండాయి. అక్క వాళ్ళింట్లో ఇప్పుడు పెద్ద టీవీ, ఇంటర్‌నెట్. కొత్త సినిమా రెండు రోజులు అద్దెకు కావాలంటే ఒక్క బటను నొక్కితే చాలు. నేను పోయినప్పుడల్లా ఏది తీసుకోవాలని ముగ్గురం తగవులాడుకుంటాం. ఏది తీసుకున్నా ఆ ఇంట్లో ఇంటర్వెల్ దగ్గర ఆపాల్సిందే. ముందు అక్క తన రెండో సగం చెప్పాలి, తర్వాతే అసలుది. పసుపు అట్ట సినిమా కథయితే పాపకు ఊహ తెలిసినప్పటి నుంచి జోలపాట బదులు అదే. గొర్రెపిల్ల చెవి దగ్గరికి రాగానే నిద్రపోయేది. అసలు సినిమాలో ఏం జరిగిందో మేమెవరమూ ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న దసరా సెలవులకు పోయాను. ఒక మధ్యాహ్నం అక్కా బావా చీనీ తోటకు పోయారు. పాప లోపలి గదిలోంచి నా ఫోన్ పట్టుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిన్నీ, అమ్మ చెప్తాది చూడు, ఆ గొర్రెపిల్ల సినిమా దొరికింది. మొత్తం చూసినా."

నేను లేవబోయాను. అంతలో తనే నా పక్కన కూర్చుంది.

"తప్పు తీసినారు పిన్నీ. బిడ్డ బతుకుతాది కద."

నేను ఆ పిల్లను చూశాను. రెండు జడలు, ముక్కు మీద చెమట, మోకాలికి కొత్త గాయం. అరచేతిలో ఆ రోజటి తన్ను మళ్ళీ తగిలినట్టయింది.

"అవునమ్మా," అన్నాను. "తప్పు తీసినారు."

పాప ఫోన్ నాకు ఇచ్చేసి, వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మకు మాత్రం చెప్పొద్దు పిన్నీ. రెండో సగం అట్ల ఉండాదని తెలిస్తే ఏడుస్తాది."

చెప్పనని పాప చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.